సంధి కుదిరింది సరే, మేకల సంగతేంటి?

ప్రశ్న: అక్కా, నాది కావలి. పగలు మందుల షాపులో లెక్కలు రాస్తాను, రాత్రిళ్ళు నవల రాస్తున్నాను. ఫాంటసీ. వెండేరు అనే ఏటికి చెరోపక్కన ఎగువకోట, దిగువకోట. ఇద్దరిదీ ఒకటే వంశం, 21 ఏళ్ళు కొట్టుకున్నారు. ఎగువకోట వాళ్ళకి అగ్నిగద్దలు ఉంటాయి, దిగువకోట వాళ్ళకి నీళ్ళను కట్టేసే మంత్రగాళ్ళు ఉంటారు. యుద్ధం ముగిసిన రోజుతో నా కథ మొదలవుతుంది. సంధి, రాజకుమారి పెళ్ళి, ఉమ్మడి సభ, ఇలా 11 అధ్యాయాలు అయ్యాయి. చదివిన ఫ్రెండ్స్ ఇద్దరూ ‘యుద్ధం అయిపోయాక ఇంకేం కథరా, బోరు’ అంటున్నారు. ఈ శాంతి ఎప్పుడు తెగుతుందో అని చదివేవాడికి టెన్షన్ పుట్టాలంటే ఏం చేయాలి? ఒక హత్య పెట్టమంటారా? చివర్లో మళ్ళీ యుద్ధం రావాల్సిందేనా?

సమాధానం:

తమ్ముడూ, నువ్వు పంపిన 11 అధ్యాయాలూ రెండు రాత్రిళ్ళు కూర్చుని చదివాను. చేదు ముందు మింగించేస్తాను. మొదటి రెండు అధ్యాయాల్లో నాకూ నిద్రొచ్చింది. సంధి పత్రం ఏ రంగు పట్టు మీద రాశారో, దాని మీద ఎన్ని ముద్రలు పడ్డాయో, ఎవరి సింహాసనం ఎంత ఎత్తో అంతా ఉంది, కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ సభలో కూర్చున్న అంతమందిలో ఒక్కడికీ ఆకలి వేయలేదు, ఒక్కడూ పక్కవాడి మొహం చూసి ‘మా అన్నని చంపింది వీడేనా’ అనుకోలేదు. 21 ఏళ్ళు చంపుకున్నవాళ్ళు ఒక గదిలో కూర్చుంటే అట్టా ఉంటుందా అబ్బయ్యా?

మూడో అధ్యాయంలో మాత్రం ఒక చోట లేచి కూర్చున్నాను. ‘ఏరు దాటి వచ్చిన మేకల కాపరిని దిగువకోట భటులు కొట్టి పంపేశారు’ అని ఒక్క వాక్యం రాశావు. రాసి, వెంటనే మళ్ళీ పెళ్ళి మండపంలోకి పరిగెత్తావు, అక్కడ పూలదండల వర్ణన ఒక పేజీన్నర. నీ కథ ఏటి ఒడ్డున దెబ్బలు తిని కూర్చుంటే నువ్వు మండపంలో దాని కోసం వెతుకుతున్నావు.

హత్య సంగతి తర్వాత. ముందు మన ఊరి కథ ఒకటి గుర్తు చేస్తాను, నీకు తెలిసే ఉంటుంది, ఈ కాలం పిలకాయలు చాలామందికి తెలీదు కాబట్టి మొత్తం చెప్తాను. కాటమరాజు కథ. 13వ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి. కాటమరాజు గొల్లల దొర, మా కనిగిరి వైపు వాడే అని చెప్పుకుంటారు. కరువొచ్చి మేత లేక ఆవుల మందల్ని దక్షిణానికి తోలుకొచ్చాడు, మనుమసిద్ధి అడవుల్లో మేపుకోడానికి ఒప్పందం చేసుకున్నాడు. మేత పన్నుని పుల్లరి అంటారు. కథ చెప్పేవాళ్ళ ప్రకారం మందలో పుట్టిన కోడెదూడలు రాజుకి ఇవ్వాలి, అదే పుల్లరి. ఇద్దరికీ గిట్టుబాటే. ఒకడికి గడ్డి దొరికింది, ఇంకొకడికి ఎడ్లు దొరుకుతాయి. అంత మంచి ఒప్పందం ఎక్కడ చెడిందో చూడు. రాజు ఉంచుకున్నామె ముచ్చటగా పెంచుకున్న చిలక ఒకటి గొల్లవాడి బాణానికి చచ్చింది. ఆమె మనుషులు కోపంతో ఆవుల్ని చంపారు. ఆవుల్ని చంపినవాళ్ళకి పుల్లరేంటి, కట్టం పొమ్మన్నాడు కాటమరాజు. చివరికి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం.

ఒప్పందంలో గడ్డి ఉంది, దూడలున్నాయి. చిలక లేదు.

నువ్వు చేయాల్సిన మొదటి పని ఇదే. నీ సంధి పత్రం తీసి ముందు పెట్టుకుని, దాంట్లో ఏం రాయడం మర్చిపోయారో వెతుకు. నాకైతే రెండో నిమిషంలోనే ఒకటి దొరికింది. ‘అగ్నిగద్దలన్నిటినీ బోనుల్లో పెట్టవలెను’ అని రాయించావు, బాగుంది. ఐదో అధ్యాయంలో ఒక్కో గద్ద రోజుకి మూడు మేకలు తింటుందని నువ్వే రాశావు. మొత్తం 40 గద్దలు అన్నావు. రోజుకి 120 మేకలు, నెలకి 3,600. షాపులో లెక్కలు రాసేవాడివి, ఈ లెక్క వేయకుండా ఎట్టా వదిలేశావో నాకు అర్థం కాలేదు. యుద్ధం జరిగినన్నాళ్ళూ ఖర్చు లేదు, శత్రువు మందల మీదకి వదిలేసేవాళ్ళు, అవే తిని వచ్చేవి. ఇప్పుడు బోనులో కూర్చోబెట్టి మేపాలి. ఎవరి డబ్బుతో? ఎగువకోట రాజు తన కాపరుల మీదే మేకల పన్ను వేస్తాడు, ఇంకేం చేస్తాడు. మందలో నాలుగో వంతు గద్దల బోనుకి పోతుంటే కాపరి ఏం చేస్తాడు? రాత్రికి రాత్రి మందని తోలుకుని ఏరు దాటుతాడు. దాటితే అవతల భటులు కొడతారు. చూశావా, నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన కాపరి ఎక్కడి నుంచి వచ్చాడో! వాడు శాంతి వల్ల ఏరు దాటాడు. యుద్ధంలో బతికిన మేకలు సంధి కుదిరాక చస్తున్నాయి వాడికి.

గద్దల్ని చంపెయ్యొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. అడగనివ్వు, సభలో ఎవరిచేతనైనా అడిగించు కూడా. గద్దని పిల్లప్పటి నుంచి పెంచిన మావటిలాంటివాడు ఒకడుంటాడు, వాడి మొహం అప్పుడు చూపించు. అవతలివాడు మాట తప్పితే చేతిలో ఏముంటుందన్న భయం రాజుకీ ఉంటుంది. సగం చంపి సగం దాచే రకం నీ ఎగువకోట రాజు, నాలుగో అధ్యాయంలో వాడి నవ్వు చూస్తేనే తెలిసింది.

నీ మంత్రగాళ్ళ విషయంలో అయితే నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. నీళ్ళను ఆపగలిగేవాడు ప్రకాశం జిల్లా పక్కన పుట్టినవాడి కథలో యుద్ధానికి మాత్రమే పనికొస్తాడా? మనకి చెరువుంటే తూము ఉంటుంది, తూము దగ్గర వంతులుంటాయి, వంతు దాటితే గొడ్డలి లేస్తుంది. కలుజు మీద, అదే చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోట, ఎవడో జానెడు ఎత్తు మట్టి వేసి పై పొలాలు ముంచాడని రెండు తరాలు మాట్లాడుకోని కుటుంబాలున్నాయి. ఆ మంత్రగాళ్ళని శాంతికాలంలో ఏం చేశారో నీ నవల్లో ఎక్కడా లేదు. నేనైతే వాళ్ళలో ఒకణ్ణి ఎండిన చెరువు కట్ట మీద కూర్చోబెడతాను, రెండు ఊళ్ళవాళ్ళు వచ్చి ‘మా వైపు వదులు’ అంటే ‘మా వైపు వదులు’ అని వాడి కాళ్ళు పట్టుకుంటారు, వాడు ఇన్నాళ్ళూ సైన్యాన్ని దాహంతో చంపడమే తప్ప చేనుకి నీళ్ళు పెట్టడం ఎరగడు.

ఇప్పుడు నేను చూసింది ఒకటి చెప్తాను. మా తాతగారి ఊరు కనిగిరికి అవతల. ఊళ్ళో రెండు పార్టీలు. కొట్లాట, కేసులు, ఏళ్ళ తరబడి వాయిదాలు, ఒకడికి చెయ్యి పోయింది. చివరికి పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేశారు. అందరూ ‘అయిపోయింది, రాజీ అయిపోయింది’ అన్నారు. తర్వాత మా ఇంట్లో మొదటి పెళ్ళి, అవతలి పార్టీ పెద్దాయన కూడా వచ్చాడు, పంక్తిలో కూర్చున్నాడు. విస్తరి వేశారు, నీళ్ళు చల్లుకున్నాడు. పప్పు వడ్డిస్తూ వచ్చిన కుర్రాడు ఆ చెయ్యి పోయినాయన కొడుకు. కావాలని పెట్టలేదు, ఆ హడావిడిలో ఎవరూ చూసుకోలేదు. కుర్రాడు గరిటె వంచాడు, పప్పు పడింది. పెద్దాయన కుర్రాడి మొహం చూశాడు. కుర్రాడు పక్క విస్తరి దగ్గరికి కదల్లేదు. మాట్లాడుతున్నవాళ్ళంతా ఆగిపోయారు. అప్పుడు మా అమ్మమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి, కుర్రాడి చేతిలోంచి గిన్నె తీసుకుని, ‘గోంగూర వేయించుకో నాయనా, నెయ్యి తెస్తున్నా’ అంది. ఆయన గోంగూరతో తిన్నాడు, సాంబారుతో తిన్నాడు, మజ్జిగ పోయించుకున్నాడు. విస్తళ్ళు తీసింది మా అమ్మ. పప్పు పడింది పడినట్టే ఉంది, అంచు కూడా చెదరలేదు అని ఎన్నేళ్ళయినా చెప్పేది.

ఆ పప్పు లాంటిది నీ పెళ్ళి విందులో ఒక్కటీ లేదు. పేజీన్నర పూలదండలు తీసేసి విందు రాయి. ఎవరి పక్కన ఎవరు కూర్చోలేదు, ఏ వంటకం ఎవరు ముందు రుచి చూశారు, ఎవరి చేతి వడ్డన ఎవరు తిన్నారు. విషం భయం ఊరికే రాదు. పల్నాటి కథలో అలరాజు సంధి మాటలకి రాయబారిగా వెళ్ళాడు, ఆయన నలగామరాజుకి సొంత అల్లుడు, మాట్లాడాల్సింది మామగారితో. అయినా విషం పెట్టి చంపారు. కారంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవాల్లో ఆ రాయబారానికే ఒక రోజు కేటాయించారంటే ఆ గాయం ఎంత లోతో చూడు. నువ్వు హత్య పెట్టమంటారా అని అడిగావు కదా, పెడితే అట్టాంటి చోట పెట్టాలి, చుట్టరికం ఉండి కూడా కాపాడలేని చోట. ఏడో అధ్యాయంలో నల్లముసుగు వేసుకుని కిటికీలోంచి దూకేవాణ్ణి మాత్రం తీసెయ్, వాణ్ణి చూస్తే నాకు నవ్వొచ్చింది.

పెళ్ళి అంటే గుర్తొచ్చింది. రాజకుమారిని ఇచ్చి చేసినంత మాత్రాన సంధి నిలబడదు, దాంతోపాటు ఏం చేతులు మారిందో చెప్పాలి. మన ఉదయగిరి కోట ఉందే, 1513, 14 సంవత్సరాల్లో కృష్ణదేవరాయలు ముట్టడి వేసి గజపతుల నుంచి తీసుకున్నాడు. ఆ తర్వాత కొండవీడు, ఇంకా పైకి వెళ్ళాడు. చివరికి గజపతి కూతురితో రాయలకి పెళ్ళి జరిగింది, కానీ ఆ పెళ్ళితోపాటు కృష్ణకి ఉత్తరాన గెలిచిన నేలంతా రాయలు తిరిగి ఇచ్చేశాడు. గెలిచినవాడు గెలిచింది వదులుకున్నాడు కాబట్టి ఆ చుట్టరికానికి కాళ్ళొచ్చాయి. నీ దిగువకోట రాజు కూతుర్నిచ్చాడు. ఎగువకోట వాడు ఏమిచ్చాడు? ఏమీ ఇవ్వకపోతే ఆ అమ్మాయి కోడలు కాదు, తాకట్టు. అది నీకు తెలిసే రాశావా, తెలియక రాశావా? తెలిసి రాస్తే ఆ అమ్మాయికి కూడా తెలియాలి, మొదటి రాత్రే తెలియాలి.

ఇళ్ళల్లోకి వెళ్ళు తమ్ముడూ. సభల్లో ఎక్కువసేపు ఉండకు. ఖడ్గ తిక్కన సంగతి తీసుకో, పైన చెప్పిన పుల్లరి యుద్ధంలోనే, మనుమసిద్ధి సేనాని, మన కవి తిక్కనకి అన్నదమ్ముల వరస. సైన్యం పోయి యుద్ధంలోంచి వెనక్కి ఇంటికొచ్చాడు. భార్య ఏమీ అనలేదు. స్నానానికి నీళ్ళు తోడి, ఆడవాళ్ళకి పెట్టినట్టు మంచం అడ్డం నిలబెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. తల్లి విరిగిన పాలు పోసింది. అంతే, మళ్ళీ కత్తి తీసుకుని వెళ్ళాడు, చచ్చిపోయాడు. చిన్నప్పుడు ఈ కథ చెప్పినప్పుడల్లా మా మాస్టారు ‘అదీ వీరమాత’ అనేవారు, మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఇప్పుడు నాకు ఆ పసుపు ముద్ద చూస్తే భయమేస్తుంది. నీ రాజ్యంలో 21 ఏళ్ళ తర్వాత బతికి ఇంటికొచ్చిన ప్రతి సైనికుడికీ పెరట్లో ఏం పెట్టి ఉంచారో రాయి. కొడుకు చచ్చిన తల్లి పక్కింట్లో ఉంటుంది, వీడు మాత్రం బతికొచ్చాడే అని చూస్తుంటుంది. వీడికి రావాల్సిన జీతం బాకీ ఉంటుంది. కత్తి పట్టడం తప్ప పని రాదు, పదిహేనేళ్ళకే సైన్యంలోకి వెళ్ళాడు మరి. పెద్ద కుట్ర అక్కర్లేకుండానే పల్చబడిపోతుంది శాంతి.

ఆ కవి తిక్కనే విరాటపర్వం నుంచి చివరిదాకా భారతం రాశాడు కదా, యుద్ధం అయిపోయాక ఉన్న పర్వాలు ఎవరూ చదవరు. అందులో ఆశ్రమవాస పర్వం ఒకసారి చూడు. నూరుగురు కొడుకులు పోయిన ధృతరాష్ట్రుడు వాళ్ళని చంపినవాళ్ళ ఇంట్లోనే 15 ఏళ్ళు ఉన్నాడు. ధర్మరాజు గౌరవంగానే చూసుకున్నాడు, మంచి భోజనం, మంచి పరుపు. భీముడు మాత్రం ముసలాయనకి వినబడేట్టు భుజాలు చరుచుకుని, నీ కొడుకుల్ని చంపిన చేతులివే అన్నట్టు మాట్లాడేవాడు. ఆ సంగతి ధర్మరాజుకి తెలియదు. ముసలాయన ఎవరికీ చెప్పలేదు. చివరికి అడవికి పోతానన్నాడు, పోయేముందు కొడుకులకి శ్రాద్ధం పెట్టడానికి డబ్బడిగితే భీముడు అదీ ఇవ్వొద్దన్నాడు, ధర్మరాజూ అర్జునుడూ తమ సొమ్ములోంచి ఇచ్చారు. ఇంతకంటే టెన్షన్ ఏ హత్యలో ఉంటుంది చెప్పు. యుద్ధంలో ఓడిపోయినవాడు గెలిచినవాడి ఇంట్లో రోజూ అన్నం తినడం. నీ ఉమ్మడి సభలో భీముడు ఎవరు? ఎవడి భుజం చప్పుడు ఎవరికి వినబడుతోంది? ఒక్కడైనా ఉండాలి, వాడు చెడ్డవాడు కానక్కర్లేదు, తన వైపు నుంచి చూస్తే న్యాయమే మాట్లాడుతుండాలి.

చచ్చినవాళ్ళ గురించి కూడా. ‘వేలమంది అసువులు బాశారు’ అని రాసి దాటేశావు. వాళ్ళని ఎక్కడ పెట్టారు? 21 ఏళ్ళ యుద్ధంలో ఏటికి అటు చచ్చిన ఇటువాళ్ళూ, ఇటు చచ్చిన అటువాళ్ళూ ఉంటారు కదా, సమాధి మీద దీపం పెట్టడానికి ఏరు దాటనిస్తారా? నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో ఉన్నవి యుద్ధంలో పోయిన పన్నెండుమంది సమాధులే. మొహర్రం నెలలో అక్కడ రొట్టెల పండగ. చెరువు నీళ్ళలో నిలబడి కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె. హిందువులూ వస్తారు, ముస్లింలూ వస్తారు. మా పిన్ని కూతురు సంతానం రొట్టె తీసుకున్నప్పుడు నేనూ పక్కనే నీళ్ళలో ఉన్నాను, ఆ పన్నెండుమంది ఎవరితో యుద్ధం చేశారని అక్కడ ఎవరూ అడగడం నేను వినలేదు, ‘పెళ్ళి రొట్టె ఎవరిదమ్మా’ అనే కేకలే. అంత మరుపు రావడానికి తరాలు పడుతుంది. నీ కథలో సంధికి ఇంకా ఏడాది నిండలేదు. అందుకని పదో అధ్యాయంలో రెండు కోటల జనం చేతులు పట్టుకుని ఆడే పండగ ఉందే, అది మరీ తొందర. వాళ్ళని ఒకే ఏటికి చెరో ఒడ్డునా నిలబెట్టు చాలు, ఎవరి దీపాలు వాళ్ళు వదులుకుంటారు, అవి నీళ్ళలో కలుస్తాయో లేదో నీ ఇష్టం.

చివర్లో యుద్ధం రావాలా అంటే, నాకు రావొద్దనే ఉంది. కానీ అది నా మెత్తదనం, నీ నవల్లో నా మెత్తదనం పెట్టకు. ఒకటి మాత్రం చేయి. తెగడానికి కారణాలు పుష్కలంగా ఉండి కూడా తెగని సందర్భాలు ఒకటి రెండు ముందే చూపించు, మా అమ్మమ్మ గిన్నె తీసుకున్నట్టు, ఎవరో ఒక మామూలు మనిషి అడ్డుపడితే ఆగినవి. అట్టా రెండుసార్లు ఆగడం చూసినవాడికి మూడోసారి ఎవరూ అడ్డు రాకపోతే గుండె జారుతుంది. మీ ఫ్రెండ్స్ అప్పుడు బోరు అంటే నాకు చెప్పు, నేను మాట్లాడతాను వాళ్ళతో.

మొత్తం తిరగరాయాలేమో అని బెంగ పెట్టుకోకు, సగం పైన పనికొస్తుంది. ముఖ్యంగా ఎనిమిదో అధ్యాయంలో రాజకుమారి పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఊరగాయ జాడీ ఖాళీ అయ్యే ముక్క, అది ముట్టుకోకు. మూడో అధ్యాయం మాత్రం మళ్ళీ రాసి పంపు, మండపం లేకుండా. ఆ కాపరికి నువ్వు పేరు కూడా పెట్టలేదు. ముందు పేరు పెట్టు, ఏరు దాటేటప్పుడు వాడి వెంట ఎన్ని మేకలున్నాయో, దెబ్బలు తిని తిరిగొచ్చేటప్పుడు ఎన్ని మిగిలాయో రాయి.